జీఆర్ఈ పదాలు వారం తిరిగేసరికి మరిచిపోతున్నానన్న మీ ప్రశ్నకు

మీరు అడిగినదాన్ని ముందుగా రెండు ముక్కల్లో చెప్పుకుంటాను. పదో తరగతి దాకా నల్లగొండ జిల్లాలో తెలుగు మీడియం. ఇప్పుడు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటున్నారు. అమెరికాలో పీజీ చదువు కోసం రాసే జీఆర్ఈకి మూడు నెలల టైముంది. కోచింగ్‌లో ఇచ్చిన మూడున్నర వేల పదాల లిస్టులో ఎనిమిది వందలు బట్టీ పట్టారు, వారం తిరిగేసరికి సగం కూడా మిగలడం లేదు. మాక్ టెస్టులో వెర్బల్, అంటే ఇంగ్లీషు భాగంలో, 144 వచ్చింది. చివర్లో ఒక మాట రాశారు: "తెలుగు మీడియం వాళ్లకు ఇది అసలు అయ్యే పనేనా?"

ఆ చివరి మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా టెన్షన్ అంతా అక్కణ్నుంచే పుడుతోంది. అయ్యే పనే. నేనూ తెలుగు మీడియమే. 2007లో పాత పద్ధతి జీఆర్ఈ రాశాను, ఆ తర్వాత పద్నాలుగేళ్లకు పైగా ఈ నగరంలోనే వెర్బల్ చెబుతున్నాను. మీకు తెలుగు బాగా రావడం ఈ పరీక్షలో అడ్డు కాదు, పెట్టుబడి. దాన్ని ఎలా వాడుకోవాలో ఎవరూ చెప్పలేదు, అంతే.

ముందు పరీక్ష ఎలా ఉందో సరిగ్గా చూడండి. 2011 ఆగస్టు దాకా జీఆర్ఈలో యాంటోనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీస్ (పదాల జంటల మధ్య పోలిక) అని రెండు రకాల ప్రశ్నలు ఉండేవి. ఒంటరిగా ఒక పదం ఇచ్చి దానికి వ్యతిరేకం చెప్పమనేవారు. లావుపాటి వర్డ్ లిస్టులు పుట్టింది ఆ ప్రశ్నల కోసం. 2011 మార్పుతో అవి రెండూ పోయాయి, లిస్టులు మాత్రం అమీర్‌పేటలో జిరాక్స్ మీద జిరాక్స్ అవుతూ అలాగే మిగిలిపోయాయి. 2023 సెప్టెంబరు 22 నుంచి పరీక్ష ఇంకా చిన్నదైంది. మొత్తం గంటా 58 నిమిషాలు. వెర్బల్‌లో రెండు సెక్షన్లు: మొదటిదాంట్లో 18 నిమిషాలకు 12 ప్రశ్నలు, రెండోదాంట్లో 23 నిమిషాలకు 15. అంటే 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. వాటిలో దాదాపు సగం ప్యాసేజీ చదివి జవాబు చెప్పేవి. మిగతా సగం ఖాళీలు పూరించేవి, అంటే టెక్స్ట్ కంప్లీషన్, సెంటెన్స్ ఈక్వివలెన్స్.

ఆ ఇరవై ఏడులో ఒక్క ప్రశ్న కూడా "ఈ పదానికి అర్థమేమిటి?" అని వాక్యం లేకుండా అడగదు. ప్రతి పదం ఒక వాక్యంలో కూర్చునే ఉంటుంది. మీరేమో పదాన్ని వాక్యంలోంచి పీకి, పక్కన ఒక తెలుగు అర్థం రాసుకుని, ఆ జంటను బట్టీ పడుతున్నారు. పరీక్ష అడిగేది ఒకటి, మీరు సాధన చేస్తున్నది ఇంకొకటి.

నేను చేసిన తప్పూ ఇదే. ఐదు నెలలు కూర్చుని యాభై లిస్టులు పూర్తి చేశాను. యాంటోనిమ్స్ కొంతవరకు పట్టుకోగలిగాను కానీ, ప్యాసేజీల్లో అవే పదాలు ఎదురైతే మనిషి తెలుసు, పేరు గుర్తురాని పరిస్థితి. అప్పటి 800 స్కేలులో నా వెర్బల్ 390 దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత నేను మొదట పనిచేసిన ఒక కోచింగ్ సెంటర్లో రాత్రికి అరవై పదాలు ఇచ్చి పొద్దున్నే టెస్టు పెట్టేవాళ్లం. పిల్లలు యాభై ఐదు, యాభై ఎనిమిది తెచ్చుకునేవారు. పదిహేను రోజులు ఆగి అవే పదాలు చెప్పకుండా అడిగితే ఇరవై దాటేవి కావు. ఆ పిల్లల ముఖాలు నాకింకా గుర్తున్నాయి. లోపం తమ బుర్రలో ఉందనుకునేవారు. లోపం మా పద్ధతిలో ఉంది.

మరిచిపోవడం గురించి ఒక మాట. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపులను తనే బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. నేర్చుకున్న మొదటి గంటల్లోనే ఎక్కువ భాగం జారిపోతుంది, తర్వాత జారడం నెమ్మదిస్తుంది. మధ్య మధ్యలో ఎడం ఇచ్చి తిరగేస్తే జారడం తగ్గుతుంది. ఆయన వాడినవి అర్థం లేని అక్షరాలు, గమనించండి. తెలియని ఇంగ్లీషు పదం ఒక్కటే ఉంటే అదీ మీ మెదడుకు అర్థం లేని అక్షరాల గుంపే. దానికి ఒక సందర్భం, ఒక మనిషి, ఒక సామెత తగిలిస్తే అది వేరే సరుకైపోతుంది.

అందుకే తెలుగు పెట్టుబడి అన్నాను. కొన్ని చూడండి.

పర్‌ఫంక్టరీ అన్న పదానికి డిక్షనరీలో "యాంత్రికమైన, ఉపరితలమైన" అని ఏదో ఉంటుంది. అది బుర్రకెక్కదు. మన మాట మొక్కుబడి. "మొక్కుబడిగా వచ్చి వెళ్లాడు" అంటే మీకు ఆ మనిషి నడక కూడా కనిపిస్తుంది. సర్కమ్‌స్పెక్ట్ అంటే ఆచితూచి. సర్కమ్‌లొక్యూషన్ అంటే డొంకతిరుగుడు. అబ్‌సీక్వియస్ అంటే అడుగులకు మడుగులొత్తే బాపతు. ఎగ్జాసర్బేట్ అంటే పుండు మీద కారం చల్లడం. ప్రివారికేట్ అంటే సూటిగా చెప్పకుండా నీళ్లు నమలడం. అండర్‌మైన్ అంటే గండి కొట్టడం. అబేట్ అంటే తగ్గుముఖం పట్టడం, ఇంకా చెప్పాలంటే వాన తెరిపివ్వడం. లకానిక్ అంటే ముక్తసరి. క్వెరులస్ అంటే ఎప్పుడూ సణుగుతూ ఉండే మనిషి. పెడాంటిక్ అంటే ఛాందసం.

డిక్షనరీ ఇచ్చే పుస్తకాల తెలుగు కాదు నేను చెబుతున్నది. మీ అమ్మమ్మ నోట్లోంచి వచ్చే తెలుగు. పదం చూడగానే "ఇలాంటి వాణ్ని మా ఊళ్లో ఏమంటారు?" అని మిమ్మల్ని మీరే అడగండి. మీది నల్లగొండ కాబట్టి అక్కడి మాటే రాసుకోండి, నా కోస్తా మాట అక్కర్లేదు. మాట మీదైతేనే అంటుకుంటుంది.

తెలుగు ఇంకో పెద్ద సాయం చేస్తుంది. ఖాళీలు పూరించే ప్రశ్నల్లో చాలామంది తప్పు చేసేది అర్థం తెలియక కాదు, ఆ పదం మెచ్చుకోలా తిట్టా అన్నది తెలియక. ఈ తేడా మనకు తెలుగులో పుట్టుకతో తెలుసు. పొదుపరి అంటే మెచ్చుకోలు, పిసినారి అంటే తిట్టు. ఇద్దరూ డబ్బు ఖర్చు పెట్టరు. ఇంగ్లీషులో ఫ్రూగల్ పొదుపరి, పార్సిమోనియస్ పిసినారి. పట్టుదల మంచిది, మొండితనం చెడ్డది: టెనేషస్, ఆబ్‌స్టినేట్. ఉదారంగా ఇచ్చేవాడు మ్యూనిఫిసెంట్, దుబారా చేసేవాడు ప్రాఫ్లిగేట్. చురుకైన తెలివి ఆస్ట్యూట్, టక్కరి తెలివి వైలీ. పదాలు రాసుకునే ప్రతి కార్డు మీద పదం పక్కనే ఒక ప్లస్సో మైనస్సో వేయండి, ఏ వైపూ మొగ్గకపోతే సున్నా. అర్థం సరిగ్గా గుర్తురాకపోయినా ఆ గుర్తు గుర్తొస్తే చాలు, ఐదు ఆప్షన్లలో రెండో మూడో పక్కకు పోతాయి.

ఇక రూట్స్. మీ కోచింగ్‌లో లాటిన్, గ్రీకు ధాతువుల పట్టీ ఒకటి ఇచ్చే ఉంటారు. అది ఇంకో బట్టీ అయిపోయి ఉంటుంది. దాన్ని ఇలా చూడండి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ అనే పండితుడు 1786లో కలకత్తాలో చెప్పాడు. మన తెలుగు ద్రావిడ భాషే, అయినా వేల సంస్కృత పదాలు మన ఇంట్లో మాటలైపోయాయి. ఆ దారిన లాటిన్, గ్రీకు మనకు దూరపు చుట్టాలే అవుతాయి.

జ్ఞానం తెలుసు కదా. ఆ "జ్ఞ"యే అక్కడ "గ్న". అజ్ఞానం మన మాట, ఇగ్నోరెంట్ వాళ్ల మాట, రెండింటి కట్టుబడీ ఒకటే. తెలుసుకోవడం సాధ్యం కాదనేవాడు ఆగ్నాస్టిక్. గచ్చిబౌలి వైపు వెళ్తే ఒక పెద్ద కంపెనీ బోర్డు మీద కాగ్నిజెంట్ అని ఉంటుంది, అది కూడా జీఆర్ఈ పదమే, ఎరుక కలిగిన అని అర్థం. నామం నుంచి నామినల్: పేరుకు మాత్రమే ఉన్నది, అచ్చం మన నామమాత్రం. ఇగ్నమినీ అంటే పేరు పోవడం, పరువు పోవడం. మృత్యువు దగ్గర మోర్టల్, మోరిబండ్: చావుకు దగ్గరపడినది. వాక్కు దగ్గర ఈక్వివోకల్: రెండు వైపులా సమానంగా పలికే మాట, అంటే ఎటూ తేల్చనిది. పాదం దగ్గర ఇంపీడ్: కాళ్లకు అడ్డం పడటం. ఎక్స్‌పెడైట్ దానికి ఎదురు, కాళ్లకు బంధం విప్పి పని వేగంగా నడిపించడం. సదస్సు అంటే కూర్చునే చోటు, సెడెంటరీ అంటే కూర్చునే బతుకు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాగ్నానిమస్. మాగ్న అంటే మహా, అనిమస్ అంటే ఆత్మ. మహాత్ముడు అన్న మాటే అది. తనకు కీడు చేసినవాణ్నీ పెద్ద మనసుతో క్షమించేవాడు.

అయితే రూట్స్‌ను మరీ నమ్ముకోవద్దు. పెడగాగ్‌లో ఉన్నది పాదం కాదు, గ్రీకులో పిల్లవాడు. ఎనర్వేట్ చూడటానికి ఎనర్జీలా ఉంటుంది, అర్థం నీరసపరచడం. నాయిసమ్‌కు చప్పుడుతో సంబంధం లేదు, ముక్కు మూసుకోవలసిన వాసన అది. రెస్టివ్ అంటే విశ్రాంతి కాదు, కుదురు లేకపోవడం. డిస్‌ఇంటరెస్టెడ్ అంటే ఆసక్తి లేనివాడని పరీక్షలో రాయకండి, తన లాభం చూసుకోని నిష్పక్షపాతి అని. ఇలాంటి మోసకారి పదాలకు నేను వేరే రంగు కార్డు వాడమంటాను. మొత్తం యాభైకి మించవు కానీ, ప్రశ్న తయారుచేసేవాళ్లకు ఇవంటే చాలా ఇష్టం.

అంతకన్నా ఎక్కువగా మనవాళ్లను పడగొట్టేవి "ఇది నాకు తెలుసు" అనిపించే పదాలు. ఎనిమిదేళ్ల కిందట ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి, అన్నీ తెలిసిన పదాలే సార్, మూడు ప్రశ్నలూ తప్పాయి అని ఏడ్చినంత పని చేసింది. చూస్తే మూడింట్లోనూ ఇదే గొడవ.

క్వాలిఫై అంటే మనకు ఎంసెట్‌లో క్వాలిఫై అవడం. జీఆర్ఈ వాక్యంలో ఒకరు తన వాదనను క్వాలిఫై చేశారంటే దానికి షరతులు పెట్టి, మినహాయింపులు చెప్పి కాస్త మెత్తబరిచారని. క్వాలిఫైడ్ సపోర్ట్ అంటే అర్హతగల మద్దతు కాదు, అరకొర మద్దతు. సాంక్షన్ అంటే లోన్ సాంక్షన్‌లో అనుమతి, అంతర్జాతీయ వార్తల్లో ఆంక్ష. ఒకే పదం రెండు ఎదురెదురు అర్థాలు మోస్తోంది, ఏది కావాలో వాక్యమే చెప్పాలి. చెక్ అంటే అదుపు చేయడం. టెంపర్ క్రియగా వస్తే తీవ్రత తగ్గించడం. ఫ్లాగ్ క్రియగా వస్తే సత్తువ తగ్గిపోవడం. ఛాంపియన్ క్రియగా వస్తే ఒకరి పక్షాన నిలబడి వాదించడం. అప్రోప్రియేట్ క్రియగా వస్తే వేరేవాళ్లది తనదిగా చేసుకోవడం. అరెస్టింగ్ అంటే చూపు తిప్పుకోనివ్వనిది. పెడెస్ట్రియన్ విశేషణమైతే ఉప్పూ కారం లేని చప్పటి రచన. రిటైరింగ్ మనిషంటే ఉద్యోగం మానేస్తున్నవాడు కాదు, నలుగురిలోకి రావడానికి మొహమాటపడేవాడు. వాంటింగ్ అంటే లోపించినది. చిన్న "సి"తో రాసిన కాథలిక్ అంటే అన్ని రకాలనూ ఆదరించే విశాలమైన అభిరుచి.

వీటి కోసం నేను చెప్పే పని ఒక్కటే. తెలిసిన పదం ఆప్షన్లలో కనబడి, మీకు తెలిసిన అర్థం వాక్యంలో కుదరకపోతే, వెంటనే కొట్టేయకండి. దానికి ఇంకో అర్థం ఉండి ఉంటుందని అనుమానించండి. సులువైన పదం కష్టమైన ప్రశ్నలో ఎందుకు కూర్చుందో ఆలోచించండి.

ఇప్పుడు వాక్యం. పదాల కన్నా ఇదే మీ 144కి అసలు కారణమని నా నమ్మకం. మీరు పంపిన ఏడు తప్పుల్లో నాలుగు పదం తెలియక కాదు, మలుపు చూడక.

మలుపు అంటే ఏమిటో ఒక ఉదాహరణతో చెబుతాను. సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఇలాంటి వాక్యం వచ్చిందనుకోండి: "కొత్త మందు గురించి పత్రికలు ఎంత సంబరపడినా, దాన్ని స్వయంగా పరీక్షించిన డాక్టర్లు మాత్రం ______ గానే ఉన్నారు." ఆప్షన్లు ఆరు: ఎగ్జూబరెంట్, సర్కమ్‌స్పెక్ట్, జూబిలెంట్, గార్డెడ్, హాస్టైల్, అబ్లివియస్. ఖాళీలో పెడితే వాక్యానికి ఒకే అర్థమిచ్చే రెండు ఎంచుకోవాలి, ఒకటి కరెక్టై ఇంకొకటి తప్పితే మార్కు రాదు. ఆప్షన్లు చూడకముందే చేత్తో మూసేసి, ఖాళీలో మీ తెలుగు మాట పెట్టండి. పత్రికలు సంబరపడ్డాయి, "మాత్రం" అన్నారు కాబట్టి డాక్టర్లు సంబరపడలేదు. ఆచితూచి ఉన్నారు. ఇప్పుడు చెయ్యి తీయండి. ఎగ్జూబరెంట్, జూబిలెంట్ రెండూ సంబరపడటమే, మంచి జంటే కానీ అటువైపు జంట. జంట కనబడగానే టిక్కు పెట్టేవాళ్ల కోసం వేసిన ఉచ్చు అది. హాస్టైల్ (పగబట్టిన) ఎదురు దిక్కే కానీ హద్దు దాటింది, పైగా దానికి తోడు లేదు. అబ్లివియస్ అంటే ధ్యాసే లేకపోవడం, అది ఇక్కడ అతకదు. సర్కమ్‌స్పెక్ట్, గార్డెడ్ మిగిలాయి, రెండూ ఆచితూచి ఉండటమే.

ఇందులో పనిచేసింది "ఎంత, నా, మాత్రం" అనే చిన్న మాటలు. ఇంగ్లీషులో అవి అల్దో, డిస్పైట్, నాట్‌విత్‌స్టాండింగ్, ఆల్బీట్, యెట్. వైల్ అన్నది "అప్పుడు" అని కాకుండా "అయినప్పటికీ" అనే అర్థంలో ఎన్నిసార్లు వస్తుందో చూసి ఆశ్చర్యపోతారు. ఫర్ అన్నది వాక్యం మధ్యలో "ఎందుకంటే" అవుతుంది. సేవ్ అన్నది "తప్ప" అవుతుంది. ఇక బట్‌తో వచ్చే మూడింటిని కార్డు రాసి గోడకు అంటించండి. ఎనీథింగ్ బట్ సింపుల్ అంటే ఏమాత్రం సులువు కాదు. నథింగ్ బట్ అంటే కేవలం అదే. ఆల్ బట్ ఇంపాసిబుల్ అంటే దాదాపు అసాధ్యం. వీటిని తిరగేసి చదివితే ఎంత పెద్ద పదాలొచ్చినా లాభం లేదు, ఎందుకంటే దిక్కే తప్పింది. మూడున్నర వేల పదాల ఏ లిస్టులోనూ ఎనీథింగ్ బట్ ఉండదు.

ఇక రోజువారీ పని. పన్నెండు వారాలు ఉన్నాయి. చివరి రెండు వారాలు కొత్త పదం ముట్టకండి. మొదటి పది వారాలు వారానికి ఆరు రోజులు, రోజుకు పన్నెండు పదాలు. అంటే 720. మీకు ఇప్పటికే కాస్తో కూస్తో గుర్తున్న దాదాపు నాలుగు వందలతో కలిపితే చాలినంత. మిగతా రెండు వేల నాలుగు వందలను వదిలేయడానికి భయపడకండి. వాటిలో చాలావాటికి మీరు పరీక్షలోనే కాదు, అమెరికాలో చదువుకునేటప్పుడు కూడా ఎదురుపడరు. ఏవి తీసుకోవాలో ఎలా తెలుస్తుందంటారా? జీఆర్ఈ పెట్టే సంస్థ ఈటీఎస్ వాళ్లు ఇచ్చే ఉచిత పవర్‌ప్రెప్ మాక్ టెస్టులు రెండు ఉన్నాయి. ఇప్పట్నుంచే వాళ్ల అసలు ప్రశ్నల్లోనూ, ఆ టెస్టులు రాసినప్పుడు వాటిలోనూ జవాబుగా కాకపోయినా ఆప్షన్‌గా కనబడ్డ ప్రతి పదం ముందు మీ కార్డుల పెట్టెలోకి రావాలి. తర్వాతే లిస్టు. రెండు పవర్‌ప్రెప్‌లూ ఇప్పుడే ఖర్చు చేయకండి, ఒకటి ఆరో వారానికి, రెండోది పదకొండో వారానికి దాచుకోండి.

కార్డులు చేత్తో రాయండి. యాప్ మంచిదే, అంకి లాంటిది ఎడం లెక్క తనే చూసుకుంటుంది, కానీ కార్డు రాసేటప్పుడు పట్టే ఆ రెండు నిమిషాలే సగం చదువు. మా ఇంట్లో పాత శుభలేఖలు కత్తిరించి వెనక వైపు రాసేవాళ్లం, అట్ట గట్టిగా ఉంటుంది, దేవుడి బొమ్మ ఉన్న భాగం మాత్రం పక్కన పెట్టండి. ముందు వైపు పదం, అది ఉన్న అసలు వాక్యం. వెనక వైపు మీ ఊరి తెలుగు మాట, ప్లస్ లేదా మైనస్, మీకు తెలిసిన మనిషి మీద మీరే రాసిన ఒక వాక్యం. మీ టీమ్ లీడ్ మీద రాసినా ఫర్వాలేదు, ఎవరికీ చూపించకండి.

పెట్టెలో ఐదు అరలు చేయండి. కొత్తది మొదటి అరలో, రేపే చూడాలి. వస్తే రెండో అరలోకి, మూడు రోజుల తర్వాత. మళ్లీ వస్తే వారానికి, ఆ తర్వాత పదిహేను రోజులకు, ఆ తర్వాత నెలకు. ఎక్కడ తప్పినా నేరుగా మొదటి అరకు. ఇది కొత్త సంగతేమీ కాదు, సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన పేరుతో 1970ల నుంచి ప్రచారంలో ఉన్న పద్ధతి. ముఖ్యమైన నియమం ఏమిటంటే, కార్డు వెనక్కి తిప్పకముందు జవాబు పైకి చెప్పాలి. చూసి "ఆ, తెలుసు" అనుకోవడం చదువు కాదు. తలలోంచి లాగినప్పుడే గట్టిపడుతుంది. రానప్పుడు పది సెకన్లు కష్టపడటం కూడా మంచిదే, ఆ కష్టం వృథా పోదు.

మీరు దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగుతారు కదా. వెళ్లేటప్పుడు అమీర్‌పేట దాకా పాత కార్డులు. మారాక జనంలో కార్డులు తీయడం కుదరదు, అప్పుడు కిటికీలోంచి కనబడే ఒక్కో దృశ్యానికి ఒక్కో పదం అతికించండి. ట్రాఫిక్‌లో కదలని బస్సు ఇంపీడ్, హారన్ మీద చెయ్యి తీయని బైకు వాడు వోసిఫరస్. ఇది ఆటలా అనిపిస్తుంది, కానీ నా విద్యార్థుల్లో చాలామందికి చివరి దాకా మిగిలినవి ఇలా అతికించినవే. రాత్రి వచ్చేటప్పుడు కొత్త కార్డులు వద్దు, ఎనిమిది గంటల కోడింగ్ తర్వాత అవి ఎక్కవు. కొత్తవి పొద్దున్నే, హాస్టల్లో టిఫిన్ గంటకు ముందు ముప్పై నిమిషాలు.

చదవడం విడిగా పెట్టుకోండి, రోజుకు అరగంట. ఇంగ్లీషు దినపత్రిక సంపాదకీయం ఒకటి చాలు, కానీ వారంలో రెండు రోజులు మీకు బొత్తిగా పరిచయం లేని విషయం మీద ఉండాలి: పక్షుల వలస, పాత చిత్రకళ, నేల పొరలు. పరీక్షలో ప్యాసేజీలు అలాంటివే వస్తాయి, ముందు నుంచి తెలిసిన విషయం దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు మ్యాగజైన్లు దొరుకుతాయి, నేను కొన్నవి ఇంకా దాచుకున్నాను. హాస్టల్లో గొడవగా ఉంటే సెలవురోజు అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి. 1891లో మొదలైన లైబ్రరీ అది, మీకు దగ్గరే. ఎత్తైన ఆ హాల్లో కూర్చుంటే ఫోన్ తీయాలనిపించదు. ప్రతి పేరా అయ్యాక పుస్తకం మూసి, రచయిత ఏమన్నాడో ఒక్క తెలుగు వాక్యంలో చెప్పుకోండి. చెప్పలేకపోతే చదవలేదన్నమాట, మళ్లీ చదవండి. పదాలు వెతకడం అప్పుడే వద్దు, రెండోసారి చదివాక మూడు పదాలు మాత్రం ఏరుకోండి.

పరీక్షలో రాయాల్సిన ఎస్సే (వ్యాసం) గురించి ఎక్కువ చెప్పను. కొత్తగా నేర్చిన పదాలన్నీ అందులో కుక్కకండి. మీ ఆలోచన నిలబడిందా లేదా అన్నదే అక్కడ లెక్క.

ఇంకొక్క సంగతి, ఇది ముందే చూసుకోవలసింది. 2020 కోవిడ్ తర్వాత చాలా డిపార్ట్‌మెంట్లు జీఆర్ఈ తప్పనిసరి కాదన్నాయి, కొన్ని మళ్లీ అడుగుతున్నాయి. మీరు అప్లై చేయాలనుకుంటున్న ప్రతి డిపార్ట్‌మెంట్ పేజీ ఈ వారమే తెరిచి చూడండి. కన్సల్టెన్సీ మాట మీద ఉండకండి. స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, 21 రోజులు ఆగి మళ్లీ రాయవచ్చు, ఏడాదిలో ఐదుసార్ల దాకా. కాబట్టి ఆ రోజు ఒక సెక్షన్ చెడినా ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

మీకు 155 రావడం సాధ్యమేనని నేను నిజంగా నమ్ముతున్నాను. మూడు వారాలు మాత్రం మార్పు కనబడదు. పాత లిస్టు పద్ధతిలో రోజుకు అరవై పూర్తయ్యేవి, ఇప్పుడు పన్నెండే, వెనకబడ్డానని గుబులు పుడుతుంది. ఆ మూడు వారాల్లోనే మా దగ్గర ఎక్కువమంది జారిపోయి మళ్లీ లిస్టు పట్టుకునేవారు. నాలుగో వారంలో ఒక రోజు సంపాదకీయం చదువుతుంటే మీ కార్డులోని పదం ఎదురై, వెతక్కుండానే అర్థమవుతుంది. ఆ రోజు తేదీ కార్డు మూలన రాసుకోండి.

ఈ రాత్రి పన్నెండు కార్డులు రాయండి. ఏ పదాలకు మీ ఊరి తెలుగు మాట దొరకలేదో అవి మాత్రం నాకు పంపండి, కలిసి వెతుకుదాం.